సెలవక్క దండు

పని చేసేది ఏది కనబడినా సెలవక్క అడిగే ప్రశ్న ఒక్కటే. "దీనికి సెలవెప్పుడు?"

మనుషుల గురించి అడిగితే ఎవరైనా అర్థం చేసుకుంటారు. ఆమె లిఫ్టు గురించి అడుగుతుంది. గోడ గడియారం గురించి అడుగుతుంది. కొత్తగా వచ్చిన సూపర్‌వైజర్ మొదటిరోజు తన గదిలో ఫ్యాన్ వేసుకుని కూర్చుంటే, తలుపు దగ్గర నిలబడి పైకి చూసి, "పొద్దుటినుంచీ తిరుగుతూనే ఉంది సార్. కాసేపు కిటికీ దగ్గర కూర్చోకూడదా?" అంది. తన మీద మర్యాద కొద్దీ అడిగిందనుకున్నాడాయన. ఆ మర్యాద ఫ్యాన్‌ మీదని తెలియడానికి వారం పట్టింది.

అది ఒక పెద్ద ఆస్పత్రికి వెనకవైపున్న లాండ్రీ. ఆరు వాషింగ్ మెషీన్లు, నాలుగు డ్రయ్యర్లు, మంచమంత పొడుగున్న ఇస్త్రీ రోలరు, రోజుకి రెండువేల దుప్పట్లు. ఎప్పుడు చూసినా ఆవిరి, సబ్బు వాసన, ట్రాలీ చక్రాల కీచుమోత. అన్నిటికీ చివర మడతల బల్ల. ఆ బల్ల దగ్గర సెలవక్క ముప్పై ఏళ్ళుగా నిలబడి దుప్పట్లు మడతపెడుతోంది. ఆమెకి అసలు పేరు ఒకటుంది గానీ, జీతం కాగితం మీద తప్ప అది ఇంకెక్కడా కనబడదు.

ఆమె గురించిన కథలన్నీ సూపర్‌వైజర్ మొదటి వారంలోనే విన్నాడు. నాలుగో నంబరు వాషింగ్ మెషీన్‌కి మంగళవారం మధ్యాహ్నం గంటసేపు సెలవట. స్విచ్ కట్టేసి, తలుపు బార్లా తెరిచి, "గాలి పీల్చుకోనీ" అంటుందట. ఆయనకి ముందు పనిచేసిన ముగ్గురు సూపర్‌వైజర్లూ వద్దన్నారు. ముగ్గురూ వెళ్ళిపోయారు, మెషీన్ మిగిలింది. తక్కిన ఐదు మెషీన్లూ ఏడాదికి రెండుసార్లు మొరాయిస్తాయి. నాలుగోది ఇంతవరకూ మెకానిక్ మొహం చూడలేదు.

"తలుపు తెరిచి పెడితే లోపలి తడి ఆరుతుందేమో సార్," అన్నాడు మెకానిక్.

"తడి కాదు, విసుగు," అంది సెలవక్క.

పెళ్ళయిన కొత్తలో ఆమె అత్తగారితో, "ఆదివారం నేను వంటింట్లోకి రాను, అది నా సెలవు" అని చెప్పిందట. అత్తగారు నాలుగు ఆదివారాలు మాట్లాడటం మానేసింది. అయిదో ఆదివారం పొద్దున్నే కోడలి పక్కకి వచ్చి కూర్చుని, గొంతు తగ్గించి, "మరి నాకేం రోజిస్తావే?" అని అడిగింది. బుధవారం ఖాయమైంది. ఆ విధంగా ఆ ఇంటి మగవాళ్ళు వారానికి రెండు రోజులు వంట నేర్చుకున్నారు.

ఇలాంటి మనిషి ఫోన్‌లోకి రెండేళ్ళ కిందట మేనకోడలు ఒక ఆట ఎక్కించింది. ఉచితంగా దొరికే ఆట. పేరు "నిద్రపోని వీరులు". మాంత్రికుల రాజ్యం, మంచు కోటలు, నిప్పులు కక్కే డ్రాగన్లు. మన తరఫున ఐదుగురు వీరులుంటారు. కత్తి పట్టిన రాణి, విలుకాడు, మాంత్రికుడు, డాలు మోసే రాక్షసుడు, గాయాలు మాన్పే వైద్యురాలు. ఆడేవాళ్ళు పెద్దగా చెయ్యాల్సింది ఏమీ లేదు. ఫోన్ సంచిలో పడేసినా వాళ్ళంతట వాళ్ళే కొట్టుకుంటూ, బంగారం పోగేస్తూ, లెవెళ్ళు ఎక్కుతూ పోతారు. ఆట తెరవగానే పెద్ద అక్షరాలు వస్తాయి: "మీరు పడుకున్నా మీ వీరులు పడుకోరు."

అత్త సరదాపడుతుందనుకుంది మేనకోడలు. సెలవక్క ఆ ముక్క చదివి తింటున్న కంచం పక్కకి నెట్టింది.

"పడుకోకపోవడానికి వాళ్ళేం తప్పు చేశారే?"

"అవి బొమ్మలత్తా."

"బొమ్మలైతే గాయాలెందుకు తగులుతున్నాయి మరి?"

అప్పటికప్పుడు ఐదుగురికీ వారపు సెలవులు వేసింది. వైద్యురాలికి ఆదివారం పడింది. ఆ ఆటలో వైద్యురాలు లేకపోతే మిగతా నలుగురూ మొదటి గుహ దాటరు. కాబట్టి ప్రతి ఆదివారం నలుగురూ క్రమం తప్పకుండా చచ్చేవాళ్ళు.

"మళ్ళీ చచ్చారు కదక్కా," అనేది ఇస్త్రీ రోలరు దగ్గరామె.

"సోమవారం లేస్తారులే. ఆదివారం కూడా దాన్ని పిలిస్తే, సోమవారం వీళ్ళని లేపే ఓపిక దానికెక్కడిది?"

ఆట కూడా ఊరుకునేది కాదు. రోజుకి పదిసార్లు తెర మీదికి ఒక సీసా బొమ్మ తెచ్చి, "ఈ కషాయం తాగిస్తే మీ వీరులు రెట్టింపు వేగంతో పనిచేస్తారు" అనేది. "ముందు నువ్వు తాగి చూడు" అని ఫోన్‌కి చెప్పి ఆమె దాన్ని మూసేసేది. రెండేళ్ళకి నలభై ఒకటో లెవెల్‌కి చేరింది.

సూపర్‌వైజర్ లెవెల్ మూడువందల పన్నెండు.

ఆ సంగతి లాండ్రీలో ఎవరికీ తెలియదని ఆయన నమ్మకం. గంభీరమైన మనిషి. వచ్చి పదకొండు నెలలైనా ఒక్కరోజు సెలవు పెట్టలేదు. గోడకి అంటించే ప్రతి నోటీసునీ "ఇది గమనించగలరు" అని ముగిస్తాడు. ఆ మాట రాశాక గానీ రాసిందానికి బరువు వచ్చినట్టు ఆయనకి అనిపించదు. అలాంటి మనిషి నాలుగేళ్ళుగా అదే ఆట ఆడుతున్నాడు. ఆ ఆటలో పాతికమంది దాకా కలిసి ఒక దండుగా ఏర్పడవచ్చు. ఆయన ఒకప్పుడు దేశంలోకెల్లా తొమ్మిదో స్థానంలో ఉన్న దండులో ఉండేవాడు. ఈ ఉద్యోగానికని ఇల్లు మారిన రోజున, సామాను లారీ వెనక పరిగెత్తుతూ ఒక యుద్ధానికి అందలేదు. సాయంత్రానికల్లా దండులోంచి తీసేశారు. మూడేళ్ళ సావాసం ఒక్క పూటతో సరి. ఆ బాధ భార్యకి కూడా చెప్పుకోలేదు. ఏమని చెప్పుకుంటాడు?

ఒక సోమవారం భోజనాల వేళ ఆయన మడతల బల్ల పక్కనుంచి పోతూ సెలవక్క ఫోన్ చూశాడు. తెర మీద ముందురోజు చచ్చిన నలుగురు వీరులు ఇంకా వెల్లకిలా పడి ఉన్నారు. పక్కనే నలభై ఒకటి అన్న అంకె. దాని కింద దండు పేరు "ఆదివారం", స్థానం నలభై వేల చిల్లర. రోడ్డు మీద ఎవరో బండిని తప్పు గేరులో తోలుతుంటే డ్రైవర్‌కి ఎలా ఉంటుందో ఆయనకి అలా ఉంది. గదిలోకి పోయి తలుపు వేసుకుని, "ఉక్కుపిడికిలి" అన్న మారుపేరుతో ఆ దండులో చేరడానికి అర్జీ పెట్టాడు. వీళ్ళని తిన్నగా నడిపించడం తన ధర్మమనుకున్నాడు. నిమిషంలో జవాబు వచ్చింది. "రండి. షరతు ఒకటే. వారానికొక రోజు ఆట ముట్టుకోకూడదు." ఆయన ఒప్పుకున్నట్టు తన మామూలు ముగింపుతో రాసి, ఏడు రోజులూ ముట్టుకున్నాడు.

ఆస్పత్రికి కొత్త వార్డులు తెరిచారు. పెద్దాఫీసు నుంచి ఉత్తర్వు దిగింది. సూపర్‌వైజర్ దాన్ని నోటీసుగా రాసి గోడకి అంటించాడు. మూడు నెలలపాటు వారానికొక సెలవు కాదు, రెండు వారాలకొకటి. ఒకరి రోజు ఇంకొకరు మార్చుకోరాదు. ఈ విషయం ఫోన్ గ్రూపుల్లో చర్చించరాదు. ఇది గమనించగలరు.

సెలవక్క దాన్ని పెదాలు కదుపుతూ రెండుసార్లు చదివింది.

"సార్, ఈ కాగితం గోడకి ఎన్నాళ్ళుంటుంది?"

"మూడు నెలలు."

"మధ్యలో దీనికి సెలవెప్పుడు?"

ఆ ఆదివారం ఆమె రాలేదు. సూపర్‌వైజర్ మెమో ఇచ్చాడు. ఆ పై ఆదివారం ఎలాగూ ఆమె వంతు సెలవే, దాని పై ఆదివారం మళ్ళీ రాలేదు, ఇంకో మెమో. అలాగే మూడోదీ అయింది. ఆ మర్నాడు సోమవారం చూస్తే ఆమె ఆ మెమోల వెనక వీరుల సెలవుల పట్టిక రాసుకుంటోంది.

"మీరు ఒక్కవైపే రాస్తారు సార్. చాలా మంచి అలవాటు," అంది.

ఆయన్ని వేధించింది మెమోలు కాదు. మిగతా వాళ్ళు. సెలవులు సగానికి తగ్గించినా ఒక్కరూ సణగలేదు. పొద్దుటి షిఫ్టుకి పద్దెనిమిది మంది రావాలి. రోజూ పద్దెనిమిది హాజరు టోకెన్లు మేకులకి వేలాడేవి, లోపల పద్దెనిమిది తలకాయలు కదిలేవి. సెలవక్క ఆదివారాలు తప్పిస్తే ఒక్క గైరుహాజరు లేదు. టోపీ, మాస్కు, మోకాళ్ళ దాకా గౌను వేసుకున్నాక అందరూ ఒకేలా ఉంటారు కనక ఆయన తలకాయలు లెక్కపెట్టి సంతకం పెట్టేవాడు. ఇంత క్రమశిక్షణ ఎక్కడినుంచి వచ్చిందో అర్థంకాక, అదంతా తన నోటీసు మహిమేనని తీర్మానించుకున్నాడు.

ఆట మాత్రం అధ్వాన్నంగా నడుస్తోంది. దండు యుద్ధాలు మొదలయ్యాయి. దండు పెద్దగా సెలవక్క రోజుకొక విపరీతం ప్రకటించేది. "రేపు విలుకాడికి సెలవు. వంతెన దగ్గర మాంత్రికుడు నిలబడతాడు." అది చదివి సూపర్‌వైజర్ భోజనం డబ్బా మూసేసి జవాబు రాశాడు. "విలుకాడు లేకుండా వంతెన నిలబడదు. మాంత్రికుణ్ణి కోట వెనక ఉంచాలి. ఇది గమనించగలరు."

"విలుకాడి భార్యకి రేపు స్కానింగ్ ఉంది, ఉక్కుపిడికిలి గారూ," అని వచ్చింది.

ఆయన ఆలోచనలో పడ్డాడు. మూడువందల పన్నెండు లెవెళ్ళు ఎక్కినా విలుకాడికి పెళ్ళయినట్టు ఆయనకెక్కడా తగల్లేదు. కొత్తగా ఏమైనా కలిపారేమోనని ఆటంతా వెతికాడు. రెండు రోజులకి ఇంకో ప్రకటన. "డాలు రాక్షసుడు ఇల్లు మారుతున్నాడు. ఆ పూటకి సాయంత్రపు దండులోంచి పొట్టి మాంత్రికుడు వస్తాడు."

ఆ రోజే ఆయన లాండ్రీలో నడుస్తూ మూడో డ్రయ్యర్ దగ్గర ఆగాడు. అక్కడ పనిచేసేవాడు ఆరడుగుల మనిషి. పొద్దున్నుంచీ పీట వేసుకుని పైమీట అందుకుంటున్నాడు.

"మాస్కు తియ్యి," అన్నాడు.

లోపల సాయంత్రం షిఫ్టు పొట్టివాడు ఉన్నాడు. వంతెనంటే ఏ మెషీనో, విలుకాడంటే ఎవరో, ఆరువారాలుగా ఎవరు ఎవరి టోకెన్ మేకుకి తగిలించి నిలబడుతున్నారో సూపర్‌వైజర్‌కి ఆ ఒక్క నిమిషంలో తెలిసిపోయింది. సెలవక్కని గదిలోకి పిలిచాడు. అప్పటికే నాలుగు రోజులుగా ఎడమ దవడలో పన్ను పోటు. ఒక్క పక్కనుంచే మాట్లాడుతున్నాడు.

"ఇదంతా నడిపేది మీరేనా?"

"నేనే."

"నోటీసు చదవలేదా?"

"రెండుసార్లు చదివాను. ఫోన్ గ్రూపులన్నారు. ఆటలనలేదు."

"ఇది పైకి రాయాల్సి వస్తుంది."

"రాయండి. రెండోవైపు ఖాళీ వదలండి చాలు."

"ఇది నవ్వులాట కాదమ్మా. మీ ఉద్యోగం పోవచ్చు."

"రిటైరవడానికి ఐదు నెలలుంది. పోతే పోతుంది. నా ఆదివారం నేను ఎవరికీ ఇవ్వలేదు, ఇవ్వను, అది నా మొండితనమే రాసుకోండి. కానీ ఆ విలుకాడు ఆ పూట భార్య పక్కన లేకపోయుంటే, ఆ పూట మళ్ళీ ఏ రిజిస్టరులో దొరికేది సార్? మీ దుప్పట్లు ఒక్కరోజైనా ఆలస్యమయ్యాయా? ఒక్క మెషీనైనా ఆగిందా? ఆగితే చెప్పండి, రేపే వెళ్ళిపోతాను."

ఆగలేదు. ఆ సంగతి ఆయనకి తెలుసు. అయినా రెండు పేజీల రిపోర్టు రాశాడు. కవరులో పెట్టి బల్ల మీద ఉంచాడు. పంపాలా వద్దా అన్నది తేలక, ముందు దవడ సంగతి తేలనీ అనుకున్నాడు. ఇంట్లో భార్య "ఆ పన్ను చూపించుకోండి" అని నాలుగోసారి అంది. "సెలవెక్కడుంది?" అన్నాడు నాలుగోసారి.

మర్నాడు భోజనాల వేళ ఫోన్ మోగింది. దండులో కొత్త ప్రకటన.

"రేపు ఉక్కుపిడికిలికి సెలవు. ఎడమ దవడ వాచింది. ఐదు రోజులుగా పాలు తప్ప ఏమీ దిగడంలేదు. పొద్దున తలకాయలు ఇస్త్రీ రోలరామె లెక్కపెడుతుంది. ట్రాలీలు విలుకాడు చూసుకుంటాడు. ఎవరూ ఫోన్ చేసి విసిగించొద్దు. ఇది గమనించగలరు."

ఆయన చదువుతుండగానే కింద జవాబులు వచ్చిపడ్డాయి. "సరే అక్కా." "పళ్ళ డాక్టరు దగ్గర మా తమ్ముడు పనిచేస్తాడు, తొమ్మిదింటికి చీటీ రాయించాను." "పెద్దగా నొప్పి ఉండదని చెప్పండక్కా." "ఉంటుంది, అబద్ధం చెప్పకండి."

సూపర్‌వైజర్ గది తలుపు తీశాడు. అందరూ వంచిన తల ఎత్తకుండా పనిలో ఉన్నారు. పొట్టివాడి భుజాలు మాత్రం ఊగుతున్నాయి. ఆయన తిన్నగా మడతల బల్ల దగ్గరికి వెళ్ళాడు.

"ఎప్పటినుంచి తెలుసు?"

"మొదటిరోజు నుంచీ. అలాంటి ముగింపు ఇంకెవరు రాస్తారు సార్?"

"తెలిసి కూడా... మరి నన్నెందుకుండనిచ్చారు?"

సెలవక్క చేతిలో దుప్పటి మడత పూర్తి చేసింది. "మీరు చేరినప్పుడు మీ పాత దండు పేరు కనబడింది. పక్కనే 'గైరుహాజరు కారణంగా తొలగించబడ్డారు' అనుంది. మూడేళ్ళు ఆడినవాణ్ణి ఒక్క పూట రాలేదని గెంటేశారంటే నాకు ఒళ్ళు మండింది. మా దండులో అలా గెంటేవాళ్ళు లేరు. ఇటు పట్టుకోండి." ఇంకో దుప్పటి కొస ఆయన చేతిలో పెట్టింది. ఇద్దరూ కలిసి మడతపెట్టారు.

మర్నాడు ఆయన పన్ను పీకించుకున్నాడు. అయితే టపా తీసుకెళ్ళే మనిషి రోజూలాగే వచ్చి, బల్ల మీద కవరు కనబడితే రోజూలాగే పట్టుకుపోయాడు. ఆ పై రోజు పొద్దున్నే ఇద్దరికీ పెద్దాఫీసు నుంచి పిలుపు వచ్చింది.

పెద్దాఫీసు మేడం రిపోర్టు ముందు పెట్టుకుని కూర్చుంది. సూపర్‌వైజర్ నోటినిండా దూది. ఏదో అన్నాడు.

"ఏమంటున్నారాయన?" అంది మేడం.

"అంతా తన అనుమతితోనే జరిగిందంటున్నారు," అంది సెలవక్క. "అబద్ధం. ఆయనకి తెలిసింది మొన్ననే."

"మీరు ఎవరి తరఫున మాట్లాడుతున్నారమ్మా?"

"నా తరఫున. ఆయన తరఫున ఆయనే మాట్లాడేవారు, నోరు ఖాళీ లేదు."

సూపర్‌వైజర్ బల్ల మీద కాగితం లాక్కుని రాయడం మొదలుపెట్టాడు. నోటీసుకి ముందు నెలలో గైరుహాజరులు పదకొండు. నోటీసు తరవాత ఆరువారాల్లో, సెలవక్క మూడు ఆదివారాలు మినహాయిస్తే, సున్నా. వార్డులకి ఆలస్యంగా వెళ్ళిన దుప్పట్లు సున్నా. ఇందులో నా ప్రతిభ కూడా సున్నా. మనుషులకి కావలసిన రోజు కావలసినప్పుడు దొరికితే మిగతా రోజులు వాళ్ళంతట వాళ్ళే వస్తారు. తప్పు నోటీసుది, దాన్ని అంటించిన నాది. చర్య తీసుకుంటే ముందు నా మీద తీసుకోండి. చివర్న ఎప్పుడూ రాసే మాట రాయబోయి, ఒక్క క్షణం ఆగి, మరింత గట్టిగా నొక్కి రాశాడు.

మేడం రెండుసార్లు చదివింది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"వారపు సెలవు పాత పద్ధతిలోనే ఇచ్చుకోండి. రోజులు మార్చుకుంటే రిజిస్టరులో రాయండి, మాస్కుల వెనక దాక్కోకండి. కొత్త వార్డులకి ఇంకో ఇద్దరు మనుషుల్ని అడుగుతాను." సెలవక్క వైపు తిరిగింది. "మీ మెమోలు మూడూ అలాగే ఉంటాయి."

"ఉండనివ్వండి మేడం, వాడకంలో ఉన్నాయి."

"ఇంకో మాట. డ్యూటీ టైములో ఆ ఆట ఆడకూడదు."

"డ్యూటీలో ఎక్కడాడతాం మేడం. దాన్ని మనం ఆడక్కర్లేదు, దానంతటదే ఆడుకుంటుంది," అంది సెలవక్క. మేడం తల వంచుకుని ఫైలు తెరిచింది. నవ్వు దాచుకోవడానికని సూపర్‌వైజర్‌కి అనిపించింది.

కొత్త పట్టికలో ఆయనకి గురువారం పడింది. మొదటి గురువారం ఎనిమిదింటికల్లా ఇస్త్రీ చొక్కా తొడుక్కుని లాండ్రీ గేటు దగ్గర ఉన్నాడు. కాపలావాడు కుర్చీలోంచి లేచి అడ్డంగా నిలబడ్డాడు.

"ఈ రోజు మీరు లోపలికి రాకూడదు సార్."

"నేను సూపర్‌వైజర్ని."

"తెలుసు సార్. పొరపాటు జరక్కుండా అక్క మీ ఫొటో కూడా ఇచ్చింది."

సెలవక్క ఖాళీ ట్రాలీ తోసుకుంటూ అటువైపు వచ్చింది. "ఏం సార్, ఇలా వచ్చారు?"

"ఊరికే. ఒకసారి చూసి పోదామని."

"దుప్పట్లు తెల్లగానే ఉన్నాయి. వెళ్ళండి."

"ఎక్కడికెళ్ళాలక్కా?"

"అది కూడా నేనే చెప్తే అదేం సెలవు సార్?" అని ఆమె ట్రాలీ తోసుకుంటూ వెళ్ళిపోయింది.

ఆయన కాసేపు గేటు బయట నిలబడ్డాడు. ఎదురుగా బస్సు వచ్చి ఆగితే ఎక్కేశాడు. ఆ వేళప్పుడు బస్సు దాదాపు ఖాళీగా ఉంది. కిటికీ పక్కన కూర్చున్నాడు. కండక్టర్ వచ్చి ఎక్కడికని అడిగాడు.

"చివరి స్టాపుకి ఇవ్వండి."

"అక్కడేమీ లేదు సార్. బస్సు వెనక్కి తిప్పే ఖాళీ స్థలం తప్ప."

"సరిపోతుంది," అన్నాడు సూపర్‌వైజర్, కిటికీ అద్దం పక్కకి జరుపుతూ.